సభలో ఎవరు ముందు మాట్లాడాలి?

మాటకు విలువ మాట నుంచి వస్తుందా, మాట్లాడిన మనిషి నుంచి వస్తుందా అన్న ప్రశ్నకు న్యాయదర్శనం చాలా సూటిగా జవాబు చెప్పింది. న్యాయసూత్రాలు ఆప్తుడి ఉపదేశాన్ని ప్రమాణంగా అంగీకరిస్తాయి. ఆప్తుడంటే విషయాన్ని స్వయంగా ఎరిగి, ఎరిగింది ఎరిగినట్టే చెప్పాలనే కోరికతో మాట్లాడేవాడని భాష్యకారుడు వాత్స్యాయనుడు నిర్వచించాడు. ఈ లక్షణం ఋషికీ, ఆర్యుడికీ, మ్లేచ్ఛుడికీ ఒకటేనని పనిగట్టుకుని చెప్పాడు. పుట్టుకకు, పదవికి అందులో చోటు లేదు.

అయితే ఇది వినేవాడికి పెట్టిన నియమం. తన మాటను నలుగురూ తేలికగా తీసేస్తారని ముందే అనుకున్న మనిషి అసలు నోరే విప్పకపోతే, వినేవాడు ఎంత నిష్పక్షపాతి అయినా చేయగలిగిందేమీ లేదు. హోదా చర్చను రెండు వైపుల నుంచి పాడుచేస్తుంది. విన్నదాన్ని తక్కువ చేయించడం ఒకటి, చెప్పబోయేదాన్ని గొంతులోనే ఆపేయడం రెండోది. మొదటిది బయటికి కనిపిస్తుంది కాబట్టి దాని మీద శాస్త్రాలున్నాయి. రెండోది బయటపడదు. మౌనంగా కూర్చున్నవాడు అంగీకరించాడనే సభ అనుకుంటుంది.

బృహదారణ్యకోపనిషత్తు మూడో అధ్యాయంలో ఈ రెండోది కాస్త బయటపడుతుంది. విదేహ జనకుడు యజ్ఞం చేసి, కొమ్ములకు బంగారం కట్టించిన వెయ్యి ఆవులను నిలబెట్టి, మీలో బ్రహ్మిష్ఠుడు, అంటే బ్రహ్మజ్ఞానంలో మేటి అయినవాడు, తోలుకుపొమ్మన్నాడు. యాజ్ఞవల్క్యుడు తన శిష్యుడిచేత తోలించాడు. దాంతో కురుపాంచాల పండితులు ఒకరి తర్వాత ఒకరు లేచి ఆయనను ప్రశ్నించారు. అశ్వలుడు, ఆర్తభాగుడు, భుజ్యుడు, ఉషస్తుడు, కహోలుడు, ఉద్దాలకుడు, వీళ్ళెవరూ సభను అనుమతి అడగలేదు. వచక్నుడి కూతురు గార్గి కూడా మొదటిసారి అడగలేదు. లోకాలు ఒకదానిలో ఒకటి పడుగుపేకలా అల్లుకుని ఉన్న తీరు గురించి వరసగా ప్రశ్నిస్తూ బ్రహ్మలోకం దాకా వెళ్ళింది. ఇంకా అతిగా అడిగితే తల తెగిపడుతుందని యాజ్ఞవల్క్యుడు హెచ్చరించాడు. ఆమె ఊరుకుంది. తల తెగిపడే బెదిరింపు ఆడమనిషికి ప్రత్యేకించింది కాదు. ఉద్దాలకుడు అదే మాట యాజ్ఞవల్క్యుడితోనే అన్నాడు. చివరగా ప్రశ్నించిన శాకల్యుడి తల నిజంగానే పడిపోయిందని ఉపనిషత్తు చెబుతుంది. తేడా ఆ తర్వాత కనిపిస్తుంది. గార్గి రెండోసారి లేచినప్పుడు ముందు బ్రాహ్మణులందరినీ ఉద్దేశించి, ఈయనను రెండు ప్రశ్నలు అడుగుతానంది. వాళ్ళు అడగమన్నాకే అడిగింది. అలా అడిగిన ప్రశ్నలకు జవాబుగానే అక్షరతత్త్వ (నాశనం లేనిదాని) వివరణ వచ్చింది. ఆ అధ్యాయం మొత్తంలో అంతకంటే లోతైన భాగం మరొకటి లేదనవచ్చు. ఆమె మొదటి హెచ్చరికతోనే ఆగిపోయి ఉంటే సభకు ఏం నష్టమయ్యేదో ఆ సభలో ఎవరికీ తెలిసే వీలు లేదు.

ఈ మధ్యకాలపు తత్త్వవేత్తలు దీనికి సిద్ధాంతరూపం ఇచ్చారు. వక్త ఏ వర్గానికి చెందినవారన్న దురభిప్రాయంతో వాళ్ళ సాక్ష్యానికి తక్కువ విశ్వాసం ఇవ్వడం ఒక అన్యాయమని మిరాండా ఫ్రికర్ 2007లో వెలువరించిన గ్రంథంలో వాదించింది. క్రిస్టీ డాట్సన్ 2011లో మరో అడుగు ముందుకు వేసింది. ఎదుటివాళ్ళు అర్థం చేసుకోలేరనో, అపార్థం చేసుకుంటారనో గ్రహించిన వక్త తన మాటను తానే కుదించుకోవడం కూడా ఒక రకమైన నోరు నొక్కడమేనని ఆమె చూపించింది.

మాట కంటే ముందు మనిషి చిరునామా అడగడం ఈ నొక్కడానికి బాగా అలవాటైన పద్ధతి. మహాభారత శాంతిపర్వంలో సులభ అనే సన్న్యాసిని మిథిలకు వస్తే, తాను ముక్తుడినని చెప్పుకునే జనకరాజు మొదట అడిగింది నువ్వెవరు, ఎవరిదానవు, ఎక్కడిదానవు అని. ముక్తుడికి ఈ ప్రశ్నలతో పనేమిటని సులభ నిలదీస్తే రాజుకు బదులు లేకపోయింది. వీరశైవ శరణుల సంభాషణలను కూర్చిన కన్నడ శూన్యసంపాదనెలో అక్కమహాదేవికీ ఇదే ఎదురైంది. కులభేదం పాటించని ఆ గోష్ఠిలోకి అడుగుపెట్టిన ఆమెను అల్లమప్రభువు అడిగింది నీ భర్త ఎవరని. శ్రీశైలంలోని చెన్నమల్లికార్జునుడే భర్త అని ఆమె జవాబిచ్చింది. అల్లముడిది పరీక్షే తప్ప తిరస్కారం కాదని సంప్రదాయం అంటుంది. ఆ పరీక్ష పురుషులకు ఆ రూపంలో ఎందుకు లేదన్న ప్రశ్న మాత్రం అలాగే ఉంటుంది.

తక్కువ హోదాలో ఉన్నవాడు షరతు పెట్టి మరీ చర్చకు దిగిన సందర్భమూ ఉంది. పాళీ గ్రంథం మిళిందపన్హలో గ్రీకు రాజు మిళిందుడు వాదానికి పిలిస్తే, పండితుల తీరులో మాట్లాడతానంటే సరే, రాజుల తీరులో అయితే కుదరదని భిక్షువు నాగసేనుడు అన్నాడు. పండితులు ఓడినా కోపగించుకోరు, రాజులు కాదన్నవాణ్ణి శిక్షిస్తారు అన్నది ఆయన వివరణ. అలా అడగాలంటే నాగసేనుడంత నిబ్బరం కావాలి. అందరికీ అది ఉండదు కాబట్టి అలాంటి రక్షణ సభ నియమాల్లోనే ఉండాలి.

బౌద్ధ సంఘం ఆ దిశగా కొంత దూరం వెళ్ళింది. సంఘంలో పెద్దరికం దీక్ష తీసుకున్న కాలాన్ని బట్టి వస్తుంది. అనురుద్ధుడు, ఆనందుడు మొదలైన శాక్య రాజకుమారులు తమ మంగలి ఉపాలికే ముందు దీక్ష ఇవ్వమని బుద్ధుణ్ణి కోరారు. అప్పుడు అతనికి తామే నమస్కరించాలి, శాక్యుల అహంకారం అణగాలి అన్నది వాళ్ళ ఉద్దేశం. బుద్ధుడి నిర్యాణానంతరం రాజగృహంలో జరిగిన తొలి సంగీతిలో, అంటే భిక్షువుల మహాసభలో, వినయాన్ని, అంటే సంఘ నడవడి నియమాలను, చెప్పింది ఆ ఉపాలే. కానీ ఆ నియమాలను కూర్చిన వినయపిటకంలోనే, నూరేళ్ళ అనుభవం ఉన్న భిక్షుణి కూడా ఆ రోజే దీక్ష పొందిన భిక్షువుకు నమస్కరించాలని ఉంది. భిక్షువులకు భిక్షుణులు హితబోధ చేయరాదనీ ఉంది. ఒక హోదాను రద్దుచేసిన చేత్తోనే మరొకటి నిలబెట్టడమిది.

సమస్య మూలాన్ని పట్టుకున్నది యూదుల న్యాయసభ. సుమారు క్రీ.శ. 200 నాటికి కూర్చిన యూదుల ధర్మశాస్త్రం మిష్నా ప్రకారం, మరణశిక్ష పడే వ్యాజ్యాల్లో న్యాయాధిపతులు అభిప్రాయం చెప్పడం పక్కన కూర్చున్న చిన్నవాళ్ళతో మొదలవ్వాలి. పెద్దవాడు ముందు చెబితే చిన్నవాళ్ళు ఆయనను కాదనలేరని, మిష్నాను వివరించే తాల్ముద్ కారణం చెప్పింది. చిన్నవాణ్ణి ధైర్యంగా ఉండమని అది ఉపదేశించలేదు, వరస మార్చింది. ధనసంబంధమైన తగవుల్లో, శౌచాశౌచ నిర్ణయాల్లో మాత్రం పెద్దవాడితోనే మొదలుపెట్టమంది. పెద్దరికాన్ని అది కొట్టిపారేయలేదు. పొరపాటు పడితే దిద్దుకోలేని చోట మాత్రమే వెనక్కి జరిపింది. ఆరో శతాబ్దపు బెనెడిక్ట్ మఠనియమావళి కూడా ముఖ్య విషయాల్లో మఠవాసులందరినీ పిలవమంది, మేలైనదాన్ని దేవుడు తరచు చిన్నవాడికే తెలియజేస్తాడని. కాకపోతే సలహాను వినయంగా చెప్పి ఊరుకోవాలి, పట్టుబట్టరాదు. నిర్ణయం మఠాధిపతిదే.

పదిహేడో శతాబ్దపు ఇంగ్లండులో క్వేకర్లు అనే క్రైస్తవ శాఖవాళ్ళు పురోహితుణ్ణే తీసేశారు. ఎవరికి ప్రేరణ కలిగితే వాళ్ళు లేచి మాట్లాడవచ్చు, స్త్రీలు కూడా. స్త్రీలు సంఘంలో మౌనంగా ఉండాలన్న అపొస్తలుడు పౌలు మాటను అడ్డం పెట్టేవాళ్ళకు జవాబుగా మార్గరెట్ ఫెల్ 1666లో ఒక పుస్తకమే అచ్చువేయించింది. అయినా హోదా మరో దారిలో మొలిచింది. బాగా మాట్లాడేవాళ్ళను బోధకులుగా పట్టీలో నమోదు చేయడం, వాళ్ళకూ పెద్దలకూ సభకు ఎదురుగా ఎత్తైన బల్లలు వేయడం ఆచారమైంది. బోధకులున్నారు కదా, మనం లేవడమెందుకని తక్కినవాళ్ళు అనుకునే స్థితి వచ్చింది. బ్రిటన్ క్వేకర్లు 1924లో ఆ నమోదును మానేశారు. పెద్దలను నియమించడం మాత్రం కొనసాగింది.