రాజీ శాంతి అవుతుందా?

2019 ఎన్నికల్లో జమ్మలమడుగు ప్రాంతంలో ఒక విశేషం జరిగింది. దేవగుడి, గుండ్లకుంట ఊళ్ల పెద్ద కుటుంబాల పేర్లను, మధ్యన కక్ష అనే మాట లేకుండా, ఒకే ఊపిరిలో చెప్పటం అక్కడ ఎవరికీ అలవాటు లేదు. అలాంటిది, ఒక కుటుంబం నుంచి ఆదినారాయణరెడ్డి గారు కడప పార్లమెంటు స్థానానికీ, రెండో కుటుంబం నుంచి రామసుబ్బారెడ్డి గారు జమ్మలమడుగు శాసనసభ స్థానానికీ ఒకే పార్టీ తరపున, ఒకే గుర్తు మీద నిలబడ్డారు. ఇద్దరూ ఓడిపోయారు. తర్వాత ఎవరి దారిన వాళ్లు వేరువేరు పార్టీల్లోకి వెళ్లారు. ఎవరు ఏ పార్టీలో ఉన్నారన్నది ఇక్కడ నాకు ముఖ్యం కాదు. ఎవరి చావుకు ఎవరు బాధ్యులన్నది కోర్టులు తేల్చవలసిన విషయం, దాని జోలికీ నేను పోను. నేను అడగదలచింది వేరు. ఈ కక్షల కాలంలో భర్తలను పోగొట్టుకున్న ఆడవాళ్లు రెండు వైపులా ఉన్నారు. ఆ రెండు జెండాలూ ఒకటై తమ వీధిలోకి వచ్చిన రోజున, తమ మనిషి దేనికోసం చచ్చిపోయాడని వాళ్లు అనుకోవాలి?

"నాయకులు రాజీపడ్డారు, ఊళ్లు చల్లబడ్డాయి, ఇంకేం కావాలి?" అనే మాట ప్రొద్దుటూరులో చదువుకున్నవాళ్ల నోట గూడా విన్నాను. ఈ మాటను తేలిగ్గా తోసెయ్యటానికి వీల్లేదు. చంపుకోవటం కంటే రాజీ మేలు, అందులో వాదించటానికేముంది? కానీ రాజీ అనేది ఎవరి మధ్య, ఏ సరుకు మీద కుదిరిందో చూడకుండా దానికి శాంతి అని పేరు పెట్టటం తొందరపాటు. అది చూడాలంటే కక్ష ఎక్కడ పుట్టిందో ముందు చూడాలి.

సీమ మనిషి రక్తంలోనే పౌరుషం ఉందని ఒక సిద్ధాంతం. దీన్ని మన సినిమాలు బాగా అమ్ముకున్నాయి. 1999లో 'సమరసింహారెడ్డి', 2002లో 'ఇంద్ర' ఆడిన తర్వాత తెల్లబట్టలూ, సుమోలూ, వేటకొడవళ్లూ రాయలసీమకు చిరునామా అయిపోయాయి. ఆ సినిమాల్లో సుమోల మీదనుంచి కిందపడి చచ్చేవాడికి పేరు ఉండదు, తల్లి ఉండదు, ఎకరా పొలం గూడా ఉండదు. ఈ ఒక్క విషయంలో మాత్రం సినిమా వాస్తవానికి చాలా దగ్గరగా వచ్చిందని ఒప్పుకోవాలి.

రక్తం మాట నమ్మనివాళ్లు పాళెగాళ్ల మాట చెబుతారు. 1800లో నిజాం ఈ జిల్లాలను కుంఫిణీకి దత్తం చేసేనాటికి ఇక్కడ సుమారు 80 మంది పాళెగాళ్లు ఉన్నారు. ప్రిన్సిపల్ కలెక్టరుగా 1800 నుంచి 1807 దాకా పనిచేసిన తామస్ మన్రో వాళ్ల కోటలూ, బంట్ల బలగమూ లేకుండా చేసి, రైతుకు నేరుగా శిస్తు కట్టాడు. 1847లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని కోయిలకుంట్లలో ఉరితీయటంతో ఆ అధ్యాయం ఇంచుమించు ముగిసింది. మరి మదుర, తిరునెల్వేలి సీమల్లోనూ పాళెగాళ్లు ఉండేవారు గదా? అక్కడ నాటుబాంబుల రాజకీయం ఇలా ఎందుకు పెరగలేదు? కాబట్టి వారసత్వం ఒక్కటే చాలదు. మీసం తాతది కావచ్చు, కానీ బాంబుకు డబ్బు ఎక్కడనుంచి వచ్చిందో ఈనాటి లెక్కల్లో వెతకాలి.

ఆ డబ్బు పొలం నుంచి రాలేదు. కె.సి. కాలువ తడిపే ప్రొద్దుటూరు వైపు కొన్ని పల్లెలు తప్పిస్తే, వానను నమ్ముకున్న భూమి ఇది. పులివెందుల వైపు శనక్కాయ వేసిన రైతుకు నాలుగేళ్లలో ఒక ఏడు గట్టిగా పండితే అదృష్టం. ఇలాంటి చోట భూమి ఎంత ఉన్నా అది ఇచ్చే పెత్తనం కొంతే. పదవి ఇచ్చేదే ఎక్కువ. 1984లో గ్రామాధికారుల పదవులు రద్దయ్యేదాకా రెడ్డి, కరణం చేతిలో శిస్తు, రికార్డు, సాక్ష్యం అన్నీ ఉండేవి. 1959లో పంచాయతీరాజ్ వచ్చాక సమితి నిధులు, సహకార సంఘం అప్పులు, రోడ్ల పనులు వచ్చాయి. 1993లో నిషేధం వచ్చేదాకా సారాయి పాటలు ఉన్నాయి. నాపరాళ్ల గనులు, ముగ్గురాయి గనులు, ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీల చుట్టూ లారీల బాడుగలు, సున్నపురాయి కాంట్రాక్టులు ఉన్నాయి. వీటిలో ఏ ఒక్కటీ పోటీదారుడిని బెదిరించి పాట నుంచి తప్పించకపోతే లాభసాటి కాదు. బెదిరించటానికి మనుషులు కావాలి. ఆ మనుషులు ఉన్నారని రుజువు చేసుకోవటానికి పోలింగు రోజున ఊరి వోట్లన్నీ ఒకే పెట్టెలో పడాలి. ఊరు చేజారితే కాంట్రాక్టు చేజారుతుంది. అందుకే సర్పంచి పదవికి ప్రాణాలు తీశారు.

మనవాళ్లు దీన్ని "భూస్వామ్య అవశేషం" అని రాసి ఊరుకోవటం నాకు తృప్తినివ్వదు. అవశేషమైతే ఫ్యాక్టరీ గొట్టం లేచిన చోట అది కరిగిపోవాలి. ఇక్కడ ఫ్యాక్టరీ గొట్టం నీడలోనే అది బలిసింది. కక్ష పాతదే, దానికి జీతమిచ్చింది మాత్రం కొత్త పెట్టుబడీ, ప్రభుత్వ ఖజానా.

ఇక అసలు నైతిక ప్రశ్న అనుచరుడిది. కొడవలి ఎత్తినవాడు నేరస్థుడా, బలిపశువా? మన పత్రికల్లో సాధారణంగా రెండో సమాధానమే వస్తుంది. అది దయగల సమాధానం, కానీ సగం సమాధానం. ఒక బోయ కుర్రవాడు గానీ, మాలమాదిగల కుర్రవాడు గానీ, రెండెకరాల రెడ్డి కుర్రవాడు గానీ ఒక పార్టీలో ఎలా చేరతాడో చూడండి (పల్లెల్లో ముఠాను "పార్టీ" అనే అంటారు, ఈ మాటలో ఉన్న వ్యంగ్యం రాజకీయ పార్టీలకు ఇంకా అందినట్టు లేదు). అతన్ని ఎవరూ రమ్మని అడగరు. అతని వీధి ఫలానా పార్టీది, అంతే. తటస్థుడికి అప్పు పుట్టదు, కొళాయి రాదు, తగాదా వస్తే పలికే దిక్కుండదు, పైగా రెండు పార్టీల అనుమానమూ అతని మీదే. ఒక కేసులో పేరు ఇరుక్కున్నదంటే ఇక బయటపడే దారి లేదు. వకీలు ఫీజు నాయకుడిదే, జామీను నాయకుడిదే, అతను జైల్లో ఉన్నన్నాళ్లు ఇంటికి వచ్చే బియ్యం మూటా నాయకుడిదే. ఆ బియ్యం ఒక అప్పు. దాన్ని తీర్చటానికి ఇంకో నేరం తప్ప అతని దగ్గర వేరే నాణెం లేదు.

ఇదంతా నిజమే అయినా, చీకట్లో ఎదుటి వీధి కూలివాడి మీద బాంబు విసిరిన చెయ్యి అతనిదే. అతన్ని పూర్తిగా బలిపశువును చేస్తే, చచ్చిన కూలివాడి పట్ల అన్యాయం చేసినవాళ్లమవుతాం. విసరనని చెప్పి, రాత్రికి రాత్రే బెంగుళూరు బస్సెక్కి మేస్త్రీ పనిలో బతికినవాళ్ల పట్ల గూడా. అలాంటివాళ్లు ప్రతి పల్లెలోనూ ఉన్నారు. వాళ్లను ఊళ్లో పిరికివాళ్లన్నారు. నా దృష్టిలో ఈ మొత్తం కథలో నిజమైన ధైర్యం వాళ్లదే. బలవంతం బాధ్యతను తగ్గిస్తుంది, తుడిచెయ్యదు. బలవంతపెట్టినవాడి బాధ్యతను మాత్రం రెండింతలు చేస్తుంది.

మూల్యం సంగతి చెప్పాలంటే శవాల లెక్క చాలదు. ప్రొద్దుటూరులో పాఠం చెప్పిన ఏళ్లలో జమ్మలమడుగు, పులివెందుల వైపు పల్లెల పిల్లలను చాలామందిని చూశాను. పండక్కి ఇంటికి వెళ్లని పిల్లలు, ఇంటిపేరు అడిగితే ఒక్క క్షణం ఆగి చెప్పే పిల్లలు. ఒక బస్సు ఎక్కకుండా ఇంకో బస్సు కోసం గంటసేపు నిలబడటం సోమరితనం కాదని నాకు తెలియటానికి కొంతకాలం పట్టింది. వాళ్ల ఊళ్లల్లో మగవాళ్లు సొంత ఇంట్లో పడుకోరు. రోజుకొక మిద్దె మారతారు. పార్టీ ఓడితే వీధి వీధంతా ఊరు విడుస్తుంది. పొలాలు బీడు పడతాయి, తాళాలు తుప్పు పడతాయి. ఊళ్లో మిగిలిన ఆడమనిషి కూలి పిలుపు లేక, నడిపించే మగదిక్కు లేక, పోలీసు పికెట్టు వాళ్లకు నీళ్లు మోస్తూ సేద్యం చేస్తుంది. గడ్డివామిలో దాచిన బాంబును బంతి అనుకున్న పిల్లవాడి చెయ్యి పోతుంది. బాంబులు చుట్టేవాడి చెయ్యి ఎలాగూ పోతుంది.

మనుషులు దొరకకపోతే చెట్లను నరుకుతారు. చీనీ చెట్టు కాపుకు రావటానికి నాలుగైదేళ్లు పడుతుంది. అన్నేళ్లు బోరు ఎండకుండా చూసుకుని, అప్పు చేసి సాకిన తోటను ఒక్క రాత్రిలో మొదలు మట్టుకు కొట్టేస్తారు. పులివెందుల వైపు ఒక పల్లెలో ఒక పెద్దామె, "మనిషి ఏదో పార్టీలో తిరిగినాడు సరే, మా చెట్లు ఏ పార్టీవి నాయనా?" అని నన్ను అడిగింది.

పెద్దలు గూడా చనిపోలేదా అంటే చనిపోయారు. మాజీ మంత్రి శివారెడ్డి గారు 1993లో హైదరాబాదులో హత్యకు గురయ్యారు. 1998లో పులివెందుల దగ్గర రాజారెడ్డి గారిని బాంబులతో చంపారు. ఆ ఇళ్లల్లోనూ కన్నీళ్లు నిజమైనవే. కానీ వాళ్ల తేదీలు మనకు తెలుసు, విగ్రహాలు ఉన్నాయి, వర్ధంతులు జరుగుతాయి. సుమోలో డ్రైవరు పక్కన కూచుని చచ్చినవాడి తేదీ అతని భార్యకు తప్ప ఎవరికీ తెలియదు.

కడప జిల్లా నుంచి కువైటుకు పనికి వెళ్లినవాళ్లు, ముఖ్యంగా ఇళ్లల్లో పనిచేసే ఆడవాళ్లు, వేలల్లో ఉన్నారు. అందుచేత అరబ్బు దేశాల ముచ్చట మనకు పరాయిది కాదు. అక్కడి ఒక అంతర్యుద్ధం ముగిసిన తీరు మన రాజీల గురించి ఎక్కువ నేర్పుతుంది. లెబనాన్‌లో 1975 నుంచి 1990 దాకా పదిహేనేళ్ల యుద్ధంలో సుమారు లక్షన్నర మంది చనిపోయారని అంచనా. అది మతాల పోరు అని బయటి ప్రపంచం అనుకున్నది, మనది పౌరుషాల పోరు అనుకున్నట్టే. ఫ్రెంచివాళ్ల పాలనలో 1932లో తీసిన జనాభా లెక్కే ఆధారంగా, 1943లో పదవులను మతాలవారీగా పంచుకున్నారు. ఏ పదవి, ఏ ఉద్యోగం, ఏ రోడ్డు కావాలన్నా ఆ మతపు పెద్ద ఇంటి గుమ్మం ఎక్కవలసిందే. వాళ్లనక్కడ "జయీమ్" అంటారు. మన రెడ్డిగారి మిద్దెకు అది అరబ్బీ పేరు. పల్లెల్లో బతుకు తెల్లారక బేరూతు శివార్లకు చేరిన పేదలే సాయుధ ముఠాలకు బలగమయ్యారు. 1989లో తాయిఫ్ ఒప్పందం కుదిరింది. 1991లో క్షమాభిక్ష చట్టం చేశారు. ముఠా నాయకుల్లో కొందరు మంత్రులయ్యారు. గల్లంతైనవాళ్లు పదిహేడు వేలని చెబుతారు. వాళ్ల తల్లులూ భార్యలూ 1982 నుంచే సంఘం పెట్టి, "మా మనుషులు ఎక్కడ?" అని అడుగుతూ వచ్చారు. వాళ్ల జాడ తీయటానికి ఒక చట్టం రావటానికి 2018 దాకా పట్టింది.

మన కక్షలు అంత పెద్దవి కావు, ఇక్కడ రాజ్యం కూలిపోలేదు. ఆ తేడా పెద్దదే. ముగింపు మాత్రం ఒకే అచ్చులో పోసినట్టుంది. మొదలుపెట్టినవాళ్లే ముగించారు, చెల్లించినవాళ్లను అడగలేదు. చట్టరీత్యా హత్య రాజీకి లొంగే నేరం కాదు. అయినా సాక్షి బోనెక్కి "నాకేమీ తెలియదు సార్" అంటే అది రాజీయే. ఆ సాక్షి చాలాసార్లు చచ్చినవాడి అన్నో, బావమరిదో అయి ఉంటాడు. రాజీ రుసుము కింద పొలం గట్టు ఒకటి సరిచేస్తారు, కేసులు రెండు వైపులా కొట్టేయిస్తారు, విధవకు కొంత సొమ్ము ముట్టజెబుతారు. లెక్క మూసేశామంటారు. 2019 మార్చిలో పులివెందులలో తన ఇంట్లోనే హత్యకు గురైన వివేకానందరెడ్డి గారి కేసు మామూలు కక్షల కేసు అని నేననను; ముద్దాయిల గురించి ఏమీ అనను. కానీ విచారణ రాష్ట్రం బయట జరగాలని ఆయన కూతురు సుప్రీంకోర్టు దాకా వెళ్లవలసివచ్చింది, 2022 నవంబరులో కోర్టు దాన్ని హైదరాబాదుకు మార్చింది. ఒక మాజీ మంత్రి కూతురికే ఇంత దూరం నడవక తప్పకపోతే, కూలివాడి భార్యకు ఏ కోర్టు అందుతుంది?

దీనికి ఒక గట్టి ఆక్షేపణ ఉంది. పాత లెక్కలు తిరగదోడితే పాత మంటలే లేస్తాయి, మరుపే మందు అని. మరుపు మందే కావచ్చు, నష్టపోయినవాళ్లు తమంతట తాము మరిచిపోతే. ఇక్కడ మరిచిపొమ్మని చెబుతున్నది ఎవరు? ఆ మరుపు వల్ల మళ్లీ కాంట్రాక్టు దక్కేది ఎవరికి? పైగా మరుపు మీద కట్టిన రాజీకి ఆయుష్షు తక్కువ. లాభాల పొత్తు చెదిరిన మరునాడు మళ్లీ మనుషులు కావాలి, వాళ్లు ఎక్కడ దొరుకుతారో నాయకులకు తెలుసు.

మన కాలేజీల విద్యార్థులు సెలవుల్లో చెయ్యగల పని ఒకటి ఉంది. నాయకులను వదిలేసి, ఒక్కొక్క పల్లెలో రెండు వీధుల్లోనూ చచ్చినవాళ్ల పేర్లు, వయసు, పని, ఎంత పొలం, వెనక మిగిలినవాళ్లు ఎవరు, ఇవన్నీ ఒకే పుస్తకంలోకి ఎక్కించటం. పార్టీ పేరుకు గడి అక్కర్లేదు. ఊరు విడిచి తిరిగిరాని కుటుంబాలు, బీడు పడ్డ ఎకరాలు, నరికిన చెట్లు గూడా అందులో ఉండాలి. పని సులభం కాదు. కొన్ని ఇళ్లల్లో తలుపు తీయరు, కొన్ని ఊళ్లల్లో మీరు ఎవరి తరపున వచ్చారని అడుగుతారు. ఆ ప్రశ్న అడగని ఇంటి నుంచి మొదలుపెట్టవచ్చు. చాలావరకు అది మగవాళ్లు మిగలని ఇల్లు అయి ఉంటుంది.