కరవు నేలలో పూదోట ధర్మమా?

లింగపూజకు పత్రిపుష్పములు కావలెను. పత్రిపుష్పములకు తోట కావలెను. తోటకు నీరు కావలెను. మన ఆలూరు ప్రాంతమున కొఱత యున్నది ఆ నీటికే. వేసవిలో ఆడువారు బిందెలు వరుసగా పెట్టుకొని నీటికై కాచుకొని యుండు ఊళ్లలో, పూజ పేరిట పూలమొక్కకు నీరు పోయుట పుణ్యమా, పాపమా? ఇది తోటపనికి సంబంధించిన చిన్న ప్రశ్నవలె తోచును గాని, నిజమునకు భక్తికిని దయకును నడుమ పుట్టిన ధర్మసందేహము. దయలేని ధర్మము ధర్మమే కాదని బోధించిన బసవేశ్వరుని అనుయాయులము గనుక, దీనిని తప్పించుకొని పోరాదు.

మొదట ఋతుధర్మమును చూతము. ఇంగ్లండు వంటి సమశీతల దేశములందు తోట వేయువారు వసంతమున విత్తుదురు, వేసవిలో పెంచుదురు, శరత్తున ఫలమును కూర్చుకొందురు, చలికాలమున నేలకు విశ్రాంతి నిత్తురు. అచట మొక్కను ఆపునది మంచు. ఇచట ఆపునది ఎండ. మన పంచాంగమున ఋతువులు ఆరైనను, సేద్యగాని లెక్క కార్తెలది. రోహిణిలో రోళ్లు పగులును. మృగశిరతో తొలకరి యాశ పుట్టును. పాత కర్నూలు జిల్లాకు ఏడాదికి సగటున సుమారు 670 మిల్లీమీటర్ల వాన. ఆదోని, ఆలూరు వైపు అంతకన్నను తక్కువ. అందులో అధికభాగము జూన్ మొదలు సెప్టెంబరు వరకు నైరుతి ఋతుపవనముతో వచ్చునదే.

కావున మన తోట ఆరంభము మృగశిర, ఆరుద్ర కార్తెలలో. అప్పుడు గుంత త్రవ్వి, పశువుల యెరువు కలిపి, మారేడు, గన్నేరు, నందివర్ధనము నాటవలెను. గన్నేరు విషము గనుక పశువుల కందనిచోట నుంచవలెను. బంతినారు, చామంతి పిలకలు ఆషాఢ శ్రావణములందు నాటినచో, కార్తికము దాటి చలిదినములలో చామంతి నిండుగా పూయును. మల్లెను చలికాలమున కత్తిరింతురు. అది ఫాల్గుణము మొదలుకొని ఎండకాలమున పూయును. చిక్కంతయు ఇక్కడనే యున్నది. ఊరి బావి అడుగంటిన దినములలోనే మల్లెకు నీరెక్కువ కావలెను. మల్లె పరిమళము మన భక్తికి పరీక్ష.

ఈ పరీక్షకు శరణుల చరిత్రలోనే కొలత గలదు. 1953 అక్టోబరు 1వ తేది వరకు ఆలూరు తాలూకా బళ్లారి జిల్లాలోనిది. కన్నడనాటి శరణుల కథలు మనకు పరాయివి కావు. కల్యాణమున ఆయ్దక్కి మారయ్య వీథులలో రాలిన బియ్యము నేరి తెచ్చి దాసోహము చేయువాడు. ఒకనాడు నిత్యము తెచ్చుదానికన్న అధికముగా తేగా, ఆతని భార్య లక్కమ్మ మెచ్చుకొనలేదు. అది మనకు వలసినదానికి మించినది, తిరిగి అచటనే పోసి రమ్మని పంపెను. బియ్యము విషయమున ఆ తల్లి చెప్పినదే నీటి విషయమునను చెల్లును. వలసినంత తెచ్చుట కాయకము. మించి తెచ్చుట ఆశ.

మఱి పూజకు వలసినది ఎంత? ఇష్టలింగము అరచేతిలో నిలుచునది. దానికొక మారేడుదళము, ఒక పువ్వు చాలును. గంపెడు పూలు కోరునది లింగము గాదు, చూపరుల కన్ను. పైగా శివునికి ప్రీతియని పెద్దలు చెప్పు పూలేవి? తుమ్మి, జిల్లేడు, ఉమ్మెత్త. ఇవి యెవరును నీరు పోయని మొక్కలు. తుమ్మి వానకాలమున చేనిగట్ల తానే మొలచును. జిల్లేడు నడివేసవిలో బీటి భూమిలోను పచ్చగా నిలుచును. మారేడు సైతము రెండు మూడేండ్లు కాపాడినచో, ఆపైన మన చేతినీటికై ఎదురుచూడదు. మెట్టనేల యిచ్చినదానినే స్వామి మెచ్చుచుండగా, మనము మాగాణి పూలకై బెంగపడుట యేల?

అట్లని తోటనే మానుమనుట నా యభిప్రాయము గాదు. పూజ మనస్సులో నున్న చాలును, మట్టిపని యేల యనువారు కలరు. వారు సొన్నలిగె సిద్ధరాముని తలచుకొనవలెను. ఆయన చెఱువు త్రవ్వించినవాడు. అల్లమప్రభువు వచ్చి ఆ పనిని నిలదీసెనని శూన్యసంపాదన చెప్పుచున్నది. ప్రభువు ఖండించినది నీటిని గాదు. నేను త్రవ్వించితిననెడి తలపును. చెఱువు నిలిచినది, అహంకారము తొలగినది. తోటవిషయమునను విడువవలసినది పార కాదు, ప్రదర్శన.

కనుక ఆచరణకు మూడు నియమములు చెప్పుదును. మొదటిది: త్రాగదగిన నీరు ముందుగా గొంతునకే. కొళాయినీటికిగాని, టాంకరునీటికిగాని జనము కాచుకొన్న దినమున, ఆ నీటిలో చెంబెడైనను పూలకు పోయరాదు. బియ్యము కడిగిన నీరు, స్నానపు నీరు చెట్టునకు చాలును. చాకిరేవు పొడి కలిసిన నీరు మాత్రము పనికిరాదు. రెండవది: వాన పడినప్పుడే వేసవిని తలచుకొనవలెను. నూరు చదరపు మీటర్ల మిద్దెపై 1 మిల్లీమీటరు వాన పడినచో అది 100 లీటర్లు. 600 మిల్లీమీటర్లు పడిన యేట 60,000 లీటర్లు గొట్టము గుండా వీథిపాలగుచున్నవి. అందులో కొంతయైనను తొట్టిలో నిలుపుట, ఇంకుడుగుంతకు మరల్చుట, విశాలమైన మిద్దెలుగల మఠములు మొదట చేయదగిన పని. లేతమొక్క ప్రక్కన మట్టికుండను పాతి నీరు నింపినచో, కొద్దికొద్దిగా ఊరి వేరునకందును. మూడవది: వేసవి ఆగుమన్నచో ఆగవలెను. మల్లె ఎండినచో ఎండనిండు; మారేడు వేసవికి ముందు ఆకు రాల్చినచో దిగులుపడవలదు, అది మరల చిగుర్చును. ఆ దినములలో ఒక్క జిల్లేడుపువ్వుతో పూజ ముగించి, మిగిలిన బిందెనీటిని గడపలో దప్పికతో నిలిచినవానికిచ్చుట లోపము కాదు, దాసోహము.

మన ధర్మమున జంగముడు నడచు లింగము. దప్పిగొని వచ్చినవానికి మొగము చాటుచేసి స్థావరమైన మొక్కకు నీరు పోసినచో, ఏ లింగమునకు పూజ జరిగినట్లు? పూదోట వేయుడు, మనసార వేయుడు. వానలో నాటుడు, చలిలో కోయుడు, పూచినదానిని పొరుగింటితో పంచుకొనుడు. ఎండలో మాత్రము, పువ్వుకన్న ముందు మనిషి మొగము వాడినదేమోయని చూడుడు. అట్లు చూచువాని తోటలో ఒక పువ్వు తక్కువైనను, పూజలో లోపముండదు.