పందెం ఒక్క పూట, పరుగు పదికాలాలు

చిరంజీవి అమ్మలూ,

విశాఖ నేవీ మారథాన్‌లో 21 కిలోమీటర్ల పరుగుకు పేరిచ్చావని మీ అమ్మ చెప్పింది. చెబుతున్నప్పుడు దాని గొంతులో సగం గర్వం, సగం బెంగ. నాకు మాత్రం ఒకటే సంతోషం. శ్రీకాకుళం ఒడ్డు నుంచి వచ్చి ఈ అండమాన్ దీవుల చివర ఇల్లు కట్టుకున్నవాళ్ళం. ఆ ఇంటి పిల్ల బతుకుతెరువు కోసం కాకుండా, పరుగంటే ఇష్టంతో సముద్రం దాటి వెళ్తోందంటే అది చిన్న సంగతి కాదు. నీకంటే ముందు ఆ రోడ్ల మీద పరుగెత్తినవాణ్ణి కాబట్టి నాలుగు మాటలు చెప్పాలనిపించింది. మామయ్య చాదస్తం అనుకోకుండా చదువు.

ముందుగా అసలు మాట. పందెం పండగలాంటిది, రోజూ పరుగు ఇంటి వంటలాంటిది. పండగనాడు పిండివంటలు తిన్నామని ఎవరూ ఏడాదంతా బతకరు. నువ్వు పందేనికి వెళ్ళు, కేరింతలు కొట్టు, మెడలో పతకం వేసుకో. కానీ ఆ ఒక్క పూట కోసం మోకాళ్ళనీ పిక్కలనీ తాకట్టు పెట్టకు. అరవై ఏళ్ళప్పుడు కూడా పొద్దున్నే లేచి ఏరియల్ బే దాకా పరుగెత్తి రాగలగాలి నువ్వు. ఇకమీద చెప్పేదంతా అందుకోసమే.

మన ఊరిని తక్కువగా చూడకు. విశాఖలో బీచ్ రోడ్డుంది, హైదరాబాద్‌లో నెక్లెస్ రోడ్డుంది, మనకేముందని ఒకసారి అన్నావు. డిగ్లీపూర్ బజారు నుంచి ఏరియల్ బే జెట్టీకి సుమారు 9 కిలోమీటర్లు. వెళ్ళివస్తే 18. ఇంకాస్త ముందుకు కాలీపూర్ దాకా వెళ్తే ఒకవైపే 18. సగం మారథాన్‌కి కావలసిన దూరమంతా మన గుమ్మంలోనే ఉంది. పైగా మన రోడ్డు బల్లపరుపుగా ఉండదు, ఎక్కుతూ దిగుతూ పోతుంది. విశాఖలో తెన్నేటి పార్కు దగ్గర ఎక్కుడు వచ్చినా, హైదరాబాద్ మారథాన్‌లో ఫ్లైఓవర్లు వచ్చినా చదును రోడ్ల మీద సాధన చేసినవాళ్ళు ఆయాసపడతారు, నీ కాళ్ళకు అవి పాత చుట్టాలే. ఎక్కేటప్పుడు అడుగు చిన్నది చెయ్యి, చూపు పది గజాల ముందుంచు. దిగేటప్పుడే ఎక్కువ జాగ్రత్త. తొడలు దెబ్బతినేది దిగేటప్పుడే. సాడిల్ పీక్ 732 మీటర్లు ఎక్కి దిగిన మర్నాడు నీకు మెట్లు దిగడం ఎంత కష్టమైందో గుర్తుందిగా, అదీ దిగుడు చేసే పని.

మనకున్న ఇంకో వరం పొద్దు. దేశమంతా ఒకే గడియారం. మనమేమో తూర్పున ఎక్కడో ఉన్నాం. అందుకే జూన్‌లో ఐదు కొట్టకుండానే తెల్లారిపోతుంది, చలికాలంలో సాయంత్రం ఐదుకే చీకటి పడిపోతుంది. నీ పరుగు పొద్దుటి పూటే పెట్టుకో. సాయంత్రం ఆలస్యంగా బయల్దేరి చీకట్లో చిక్కుకోకు. వాగుల ఒడ్డున, మడ అడవుల పక్కన మసక వెలుతురులో అసలే వద్దు. అక్కడ మొసళ్ళ హెచ్చరిక బోర్డులు ఊరికే పెట్టలేదు. చలికాలంలో కాలీపూర్ ఇసుక మీద రాత్రిపూట లైటు పెట్టుకుని పరుగెత్తకు. నాలుగు జాతుల తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి వచ్చే ఒడ్డు అది. వెలుతురు పడితే బెదిరి వెనక్కి మళ్ళిపోతాయి. మన సరదా కోసం వాటి పురుడు చెడగొట్టకూడదు.

వానల సంగతికి వస్తాను. మే నెలాఖరుకే మనకు ముసురు మొదలవుతుంది, ఏడాదికి మూడు వేల మిల్లీమీటర్లకు అటూ ఇటూగా కురుస్తుంది. వాన పడిందని పరుగు మానక్కర్లేదు. ఉరుము వినబడితే మాత్రం ఇంట్లోనే ఉండు. తడిసిన బూట్లను ఎండలో పెట్టి గట్టిపడనివ్వకు. లోపలి అట్టలు తీసి, పాత న్యూస్‌పేపర్లు ఉండచుట్టి కుక్కు, రెండు గంటలకోసారి మార్చు. మర్నాటికి తొడుక్కునేలా ఉంటాయి. వేళ్ళ మధ్య తడి లేకుండా తుడుచుకో. ఎంతోమంది పరుగు ఆగిపోయేది గుండె చాలక కాదు, కాలి బొబ్బల వల్ల.

దూరం పెంచడంలో తొందరొద్దు. ఊపిరి తొందరగా అలవాటు పడుతుంది. ఎముకలూ స్నాయువులూ నెలలు తీసుకుంటాయి. అందుకే ఆయాసం లేదు కదా అని దూరం పెంచినవాళ్ళకు సరిగ్గా ఉత్సాహం మీద ఉన్నప్పుడే ముంగాలి ఎముక నొప్పి పట్టుకుంటుంది. వారానికి కాస్త కాస్త పెంచు, మూడు వారాలు పెంచాక నాలుగో వారం తగ్గించు. ఎక్కువ రోజులు పక్కవాళ్ళతో మాట్లాడగలిగేంత నెమ్మదిగా పరుగెత్తు. తోడు లేకపోతే పాట పాడుకో. పాట తెగిపోతోందంటే వేగం ఎక్కువైనట్టే. కండరాల నొప్పి రెండు రోజుల్లో పోతుంది. ఎముక మీద ఒక్కచోట వేలు పెట్టి చూపించగలిగే నొప్పి ఉంటే అది వేరు. దాని మీద పరుగెత్తకు, డాక్టరుకు చూపించు.

ఆడపిల్లవు కాబట్టి ఇంకో మాట. మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 57 శాతం మందికి రక్తహీనత ఉందని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. వందలో యాభై ఏడుగురు! దూరాలు పరుగెత్తే వాళ్ళకు ఇనుము ఇంకా తొందరగా తరుగుతుంది. బాగా నిద్రపోయినా కాళ్ళు సీసంలా బరువెక్కుతుంటే బద్ధకమని నిన్ను నువ్వు తిట్టుకోకు, ఆసుపత్రికి వెళ్ళి హిమోగ్లోబిన్ చూపించుకో. మునగాకు, చేపలు, రాగులు మన ఇంట్లో ఉన్నవే. అన్నం తిన్న వెంటనే టీ తాగే అలవాటు మానుకో, తిన్న ఇనుము ఒంటపట్టదు. బరువు తగ్గితే వేగం పెరుగుతుందని ఎవరో చెప్పారని తిండి మానేస్తే మాత్రం నేనూరుకోను. నెలసరి తప్పుతోందంటే ఒంటికి తిండి చాలట్లేదని అర్థం కావచ్చు. అప్పుడు ఆలస్యం చెయ్యకుండా డాక్టరమ్మతో మాట్లాడు.

రోడ్డు మీద ఎవరైనా ఆడపిల్లకు పరుగేమిటని అంటే బాధపడకు, అది పాత పాటే. 1967లో బోస్టన్ మారథాన్‌లో 261 నంబరు పెట్టుకుని పరుగెత్తిన క్యాథ్రిన్ స్విట్జర్‌ను దారిలో ఒక అధికారి పట్టుకుని ఆ నంబరు పీకెయ్యబోయాడు. ఆమె ఆగలేదు, పరుగు పూర్తి చేసింది. ఆ పందెం ఆడవాళ్ళను అధికారికంగా రానిచ్చింది 1972లో. ఒలింపిక్స్‌లో ఆడవాళ్ళకు మారథాన్ పెట్టింది 1984లో. మీ అమ్మ పుట్టేనాటికి అదింకా లేదు. ఎవరూ అడ్డు చెప్పకుండా నీ నంబరు నీ చేతికొస్తోందంటే అలాంటి వాళ్ళ పుణ్యమే.

ప్రయాణం గురించి విను, దీవుల వాళ్ళం కాబట్టి మనకు పందేనికి ముందు ఇంకో పందెం ఉంటుంది. తెల్లారకముందే బస్సెక్కి, మాయాబందర్ దాటి, రంగత్ దాటి, బారాటాంగ్ దగ్గర జలసంధి దాటి, జరావా తెగవాళ్ళ అడవి దగ్గర వాహనాల కాన్వాయ్ కోసం ఆగి పోర్ట్ బ్లెయిర్ చేరేసరికి రోజంతా పోతుంది. ఇప్పుడు దాని పేరు శ్రీ విజయ పురం అనుకో, నా నోటికి పాత పేరే వస్తుంది. అన్ని గంటలు కూర్చుంటే పాదాలు ఉబ్బుతాయి. బస్సు ఆగిన ప్రతిచోటా దిగి నడువు. విశాఖకు ఓడలో వెళ్ళాలనుకుంటే అది రెండు రోజుల పైమాట. ఓడ దిగాక ఒకరోజు నేల ఊగుతున్నట్టే ఉంటుంది. అందుకని పందేనికి కనీసం మూడు రోజుల ముందే చేరేలా చూసుకో. విమానంలో వెళ్ళినా రెండు రోజులైనా ముందుండు. బూట్లూ, పరుగు బట్టలూ చేతిసంచిలోనే పెట్టుకో. పెద్ద పెట్టె వెనకబడినా పందెం ఆగకూడదు.

ఇక ఆ రోజు. కొత్తదేదీ వద్దు. కొత్త బూట్లు వద్దు, కొత్త మేజోళ్ళు వద్దు, నిర్వాహకులు పంచిన కొత్త టీషర్టు కూడా వద్దు. అది ఇంటికొచ్చాక వేసుకో. నువ్వు రోజూ పరుగుకు ముందు ఏం తింటావో అదే తిను. ముందు రాత్రే బిబ్‌ను, అంటే నీ నంబరు కాగితాన్ని, టీషర్టుకు పెట్టెయ్యి. టీషర్టు మంచం మీద పరిచి పెడితే సరిపోదు, వేసుకుని చూసుకుంటూ నాలుగు మూలలా నాలుగు పిన్నీసులు గుచ్చాలి. చేతులు పైకెత్తి చూడు, లాగకూడదు. వంగి చూడు, మడత పడకూడదు. టైము లెక్కకట్టే చిప్ బిబ్‌కే అంటించి ఉంటే దాన్ని మడవకు. బిబ్ వెనక నీ పేరు, ఇంటివాళ్ళ ఫోన్ నంబరు, రక్తం గ్రూపు రాసిపెట్టు. నొప్పి మాత్ర ముందే వేసుకునే అలవాటు కొందరికుంది, నువ్వు మాత్రం వేసుకోకు. ఎండలో పరుగెత్తుతుంటే అది మూత్రపిండాల మీద భారం.

మొదటి కిలోమీటరే అసలు పరీక్ష. మైకులో పాటలు, డోలు, నీ చుట్టూ వేలమంది. బీచ్ రోడ్డు పక్కన అలలు. విజిల్ వినబడగానే అందరూ పారిపోతున్నట్టు ఉరుకుతారు. నీ కాళ్ళు కూడా ఉరకమంటాయి. మన ఉక్కపోతలో సాధన చేసిన ఒంటికి ఆ పొద్దుటి గాలి చల్లగా తగిలి, ఎంత వేగమైనా పోగలననిపిస్తుంది. నమ్మకు. రెండున్నర గంటల్లో పూర్తి చెయ్యాలనుకుంటే కిలోమీటరుకు ఏడు నిమిషాలు. మొదటి రెండు కిలోమీటర్లూ ఏడుంపావుకు పరుగెత్తు. నిన్ను దాటిపోయిన వాళ్ళలో చాలామంది పదిహేనో కిలోమీటరు దగ్గర నడుం మీద చేతులు పెట్టుకుని నడుస్తూ కనిపిస్తారు. ఎన్నో పందేల్లో కళ్ళారా చూశాను. చిప్ నువ్వు గీత దాటినప్పటి నుంచే లెక్క కడుతుంది కాబట్టి ముందు వరసలో నిలబడాలన్న ఆత్రం కూడా అక్కర్లేదు.

నీళ్ళ విషయంలో రెండు తప్పులున్నాయి, తాగకపోవడం ఒకటి, అతిగా తాగడం ఇంకొకటి. 2002 బోస్టన్ మారథాన్‌లో 488 మంది రక్తం పరీక్షిస్తే 13 శాతం మందికి సోడియం ఉండాల్సినదానికంటే పడిపోయింది. పరుగులో బరువు పెరిగేంత నీళ్ళు తాగినవాళ్ళే అందులో ఎక్కువ. దాహమైనప్పుడు తాగు, ఉత్త నీళ్ళే కాకుండా మధ్యలో ఓఆర్‌ఎస్ కూడా తాగు. చిన్న ఊళ్ళ పరుగుల్లో వెనక వచ్చేవాళ్ళకు నీళ్ళు మిగలని సందర్భాలు నాకు తెలుసు. అలాంటి చోట నడుముకు చిన్న సీసా కట్టుకో. నీళ్ళ బల్ల దగ్గర చటుక్కున ఆగకు, వెనక వచ్చేవాళ్ళు గుద్దుకుంటారు. పక్కకు జరిగి, గ్లాసు నొక్కి మూతి సన్నం చేసి, రెండు గుక్కలు నడుస్తూ తాగు. గ్లాసు బుట్టలో వెయ్యి. ఇచ్చిన పిల్లలకు థాంక్స్ చెప్పు. వాళ్ళు నీకంటే ముందే నిద్ర లేచి వచ్చారు.

కళ్ళు తిరిగినా, ఎండలో ఒళ్ళు గగుర్పొడిచి చలేసినా, నీ మాట నీకే తికమకగా అనిపించినా వెంటనే ఆగి సాయం అడుగు. 1984 లాస్ ఏంజిలిస్ ఒలింపిక్స్ మారథాన్‌లో స్విట్జర్లాండ్ ఆమె గాబ్రియేలా ఆండర్సన్ ఎండ దెబ్బకు ఒళ్ళు ఒకపక్కకు వాలిపోతూ స్టేడియంలో ఆఖరి చుట్టు తూలుతూ వేసింది. 37వ స్థానంలో గీత దాటి కూలబడింది. ప్రపంచం లేచి చప్పట్లు కొట్టింది. ఆమె గుండెధైర్యానికి నేనూ దండం పెడతాను. కానీ నువ్వలా చెయ్యొద్దు. ఆమె చుట్టూ వైద్యులున్నారు, అది ఒలింపిక్స్. నీకు ఇంకో పందెం ఉంది, ఇంకో ఏడాది ఉంది. మధ్యలో ఆగిపోయి ఇంటికొచ్చినా ఈ మామయ్య ఎదురొచ్చి తీసుకెళ్తాడు.

గీత దాటాక చతికిలబడకు. పది నిమిషాలు నడువు, తడిబట్టలు మార్చుకో, అరగంటలో ఏదైనా తిను. మళ్ళీ ఓడో బస్సో ఎక్కే ముందు ఒకరోజు విశ్రాంతి తీసుకో. వచ్చాక ఒక వారం నడకతో సరిపెట్టుకో.

ఆ తర్వాత నీ మీద ఒక బాధ్యత పెడుతున్నాను. విశాఖలో నువ్వు చూసి వచ్చినదాన్ని ఇక్కడి పిల్లలకు పంచు. అక్టోబర్ 31న ఏకతా పరుగు జరిగినప్పుడు వెనకబడిన పిల్లల పక్కన నువ్వు పరుగెత్తు. ఆదివారాలు నలుగురు ఆడపిల్లలను పోగుచేసి ఏరియల్ బే దారిలో తీసుకెళ్ళు. బెంగాలీ ఇంటి పిల్లైనా, తమిళుల పిల్లైనా, మన తెలుగు పిల్లైనా రోడ్డు ఒక్కటే. సునామీ నుంచి బతికి బయటపడిన డెబోరా హెరాల్డ్ ఈ దీవుల నుంచే వెళ్ళి సైకిల్ పందేల్లో దేశానికి పేరు తెచ్చింది. మన పిల్లలకు సత్తువ లేక కాదు, పక్కన పరుగెత్తే అక్క లేక వెనకబడుతున్నారు.

నువ్వు తిరిగొచ్చాక ఎంత టైములో పరుగెత్తావని ఊరంతా అడుగుతుంది. సంతోషంగా చెప్పు. నేను మాత్రం కాళ్ళెలా ఉన్నాయి, మళ్ళీ ఎప్పట్నుంచి మొదలుపెడుతున్నావని అడుగుతాను. ఆ రెండు ప్రశ్నలకూ నవ్వుతూ జవాబు చెప్పగలిగితే, పందెం నువ్వు గెలిచినట్టే లెక్క. క్షేమంగా వెళ్ళి లాభంగా రా.

ఆశీస్సులతో,
మీ మామయ్య
డిగ్లీపూర్