వివాహంలో రాజ్యం: సాక్షిత్వమా, పౌరోహిత్యమా?

వివాహం సిద్ధించేది క్రతువు వల్లనా, వధూవరుల అంగీకారం వల్లనా, ప్రభుత్వ నమోదు వల్లనా అన్న ప్రశ్నకు భారతీయ శాసనాల్లో ఒకే సమాధానం లేదు. హిందూ ధర్మశాస్త్రాలు వివాహాన్ని సంస్కారంగా, అంటే వ్యక్తిని గృహస్థధర్మానికి అర్హుణ్ణి చేసే కర్మగా భావించగా, ఇస్లామీయ న్యాయం నికాహ్‌ను ఈజాబ్, ఖుబూల్ అనే ప్రతిపాదన, సమ్మతులతోనూ, వరుడు వధువుకు ఇవ్వవలసిన మెహర్‌తోనూ కూడిన ఒడంబడికగా చూస్తుంది. కొండమీద హజ్రత్ అలీ పేరిట కుతుబ్‌షాహీల నాటి దర్గా, దిగువన రైల్వే కాలనీ, గుళ్లు, చర్చిలు కలగలిసి ఉన్న హైదరాబాదు మౌలాలిలో ఈ భావనలన్నీ పక్కపక్క వీధుల్లోనే ఆచరణలో ఉన్నాయి.

1955 నాటి హిందూ వివాహ చట్టం ఏడవ సెక్షను క్రతువు విషయాన్ని ఉభయ పక్షాలలో ఎవరో ఒకరి ఆచారానికే విడిచిపెట్టి, ఆ ఆచారంలో సప్తపది ఉన్నట్లయితే ఏడవ అడుగుతో వివాహం పూర్తయినట్లు చెప్పింది. తెలుగు ఇళ్లలో మాత్రం సుముహూర్తం అంటే జీలకర్ర, బెల్లం తలపై ఉంచే క్షణమే. నమోదు లేనంత మాత్రాన పెళ్లి చెల్లకుండా పోదని ఎనిమిదవ సెక్షను చెప్పగా, క్రతువే జరగనప్పుడు ధ్రువపత్రం ఒక్కటే పెళ్లిని సృష్టించలేదని సుప్రీంకోర్టు 2024లో తీర్పు చెప్పింది. ముస్లింల విషయంలో 1880 నాటి ఖాజీల చట్టం మరింత సూక్ష్మమైనది: ఖాజీని నియమించే అధికారం ప్రభుత్వానికి ఇస్తూనే, నికాహ్‌కు ఆయన హాజరు తప్పనిసరి కాదని అదే చట్టం స్పష్టం చేసింది. ఈ రెండుచోట్లా రాజ్యం కోరుకున్నది సాక్షి స్థానమే తప్ప పురోహితుడి పీట కాదు.

అయితే రాజ్యం యజమానిగానో దాతగానో నిలిచినచోట ఈ సంయమనం సడలుతుంది. మౌలాలిలోని రైల్వే ఉద్యోగులకు వర్తించే 1966 నాటి ప్రవర్తనా నియమావళి, జీవిత భాగస్వామి ఉండగా మరో పెళ్లిని నిషేధించింది. వ్యక్తిగత చట్టం, అంటే ఆయా మతస్థుల కుటుంబ వ్యవహారాలను నడిపే చట్టం, దాన్ని అనుమతించినా ప్రభుత్వ అనుమతి లేనిదే కుదరదన్నది. తెలంగాణ ప్రభుత్వం 2014 అక్టోబరు 2న కల్యాణలక్ష్మి, షాదీ ముబారక్ అనే రెండు పేర్లతో ప్రారంభించిన పెళ్లి సాయం 51,000 రూపాయలతో మొదలై, 2018 నాటికి 1,00,116 రూపాయలకు చేరింది. చివరన ఆ 116 రూపాయలు చేర్చడంలో ఖజానా కూడా పెళ్లింటి పెద్దరికం వహించింది, షాదీ ముబారక్ చెక్కుతో సహా. ఆ చదివింపుల కంటే, పెళ్లినాటికి వధువుకు 18 ఏళ్లు నిండి ఉండాలన్న షరతుకే విలువ ఎక్కువ. ఎందుకంటే వయసునూ సమ్మతినీ కాపాడటం మతానికి పోటీగా నిలవడం కాదు, క్రతువుకు అర్థం కల్పించే స్వేచ్ఛకు కాపలా కాయడం.

చిక్కంతా మతాన్ని పక్కనపెట్టిన 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టంలోనే ఉంది. దాని ప్రకారం పెళ్లి ఉద్దేశాన్ని తెలిపే నోటీసును వివాహాధికారి కార్యాలయంలో అందరికీ కనబడేలా అంటించాలి. 30 రోజుల్లోగా ఎవరైనా ఆక్షేపణ చెప్పవచ్చు. పెళ్లికి ముందు వరుస ఆదివారాల్లో వధూవరుల పేర్లు చదివి వినిపించే చర్చి పద్ధతికి ఇది దగ్గరి చుట్టం. పరాయి సంఘాల జనం ఒకరినొకరు ఎరగని కాలంలో మోసపు పెళ్లిళ్లను ఆపడానికి అది పనికివచ్చి ఉండవచ్చుగానీ, కులాంతర, మతాంతర వివాహాలు చేసుకునేవారికి అది ఇంటివాళ్లకూ ఊరివాళ్లకూ రాజ్యమే పంపే కబురుగా మారింది. వధూవరులు కోరితే తప్ప నోటీసు ప్రకటించనక్కరలేదని అలహాబాదు హైకోర్టు 2021 జనవరిలో చెప్పినా, చట్టంలోని వాక్యాలు మాత్రం మారలేదు. పంచాంగం, ఖాజీ, పాదిరీల ఆమోదంతో జరిగే పెళ్లిని అదే రోజున చూసి ఒప్పుకొనే రాజ్యం, తన ఎదుటే, తన పేరిటే జరగవలసిన పెళ్లిని నెలరోజులు నిలబెట్టడానికి ధర్మపరంగా చూపగల కారణమేదీ లేదు.