తెరమీది యిల్లు పరిగ్రహమగునా?

ఈ సంచికకు ఏదైన వ్రాయుమని సంపాదకవర్గమువారు కోరినప్పుడెల్ల తీర్థయాత్రను గూర్చియో, పర్యూషణ దినములను గూర్చియో నాలుగు మాటలు వ్రాసి పంపుట నాకు అలవాటు. ఈ మారు అట్లు చేయబుద్ధి పుట్టలేదు. రెండేండ్లుగా మా యింటిలో ఒక వివాదము నడచుచున్నది. అది తీరినదో లేదో నేనే చెప్పలేను. మనవారి అనేక కుటుంబములలో ఇట్టిదే జరుగుచుండునని తోచి దానిని పాఠకమహాశయుల ముందుంచుచున్నాను.

మాది నాట్రంపల్లి. చెన్నై నుండి బెంగళూరు పోవు రాజమార్గమున వాణియంబాడి దాటిన తరువాత వచ్చు ఊరు. వేలూరు జిల్లాలో నుండెడిది, 2019లో తిరుపత్తూరు జిల్లా యేర్పడినప్పుడు అందులోనికి పోయినది. బజారులో తమిళము, ఇంటిలో తెలుగు, ఇది మా బ్రతుకు. గుడియాత్తం లుంగీలు, ఆరణి పట్టుచీరలు అమ్ముకొని పిల్లలను పెద్దచేసితిమి.

నా మనుమరాలికి పదునాలుగేండ్లు. మా చిన్నవాడు సింగపూరు నుండి వచ్చునప్పుడు దానికొక ఆటపరికరము తెచ్చినాడు. జపాను దేశపు నింటెండో కంపెనీవారి స్విచ్ అనునది. అందులో ‘యానిమల్ క్రాసింగ్ న్యూ హొరైజన్స్’ అను ఆట యున్నది. 2020 మార్చి 20న విడుదలయినదట. అయిదు దినములకే మన దేశమంతట అంగళ్లు మూతపడినవి గనుక ఆ తేది నాకు జ్ఞాపకముండిపోయినది. ఈ ఆటలో గెలుపు లేదు, ఓటమి లేదు. ఒక ద్వీపము, అందులో ఒక గుడారము, కొన్నాళ్లకు ఒక యిల్లు. ఆ యింటికి గదులు చేర్చుకొనుచు, ఒక్కొక్క గదిని ఒక్కొక్క తీరున అలంకరించుట పని. ఒక గది సముద్రతీరమువలె, ఒకటి వంటయిల్లువలె, ఒకటి పుస్తకాల అంగడివలె. గదికి తగినట్లు మనిషికి బట్టలు. సముద్రపు గదిలో నీలము, తోటగదిలో ఆకుపచ్చ. అక్కడ ముళ్లపంది అక్కచెల్లెండ్ర కుట్టుపని దుకాణము ఒకటి యున్నది. ప్రతి ఆదివారమును ఒక సంఘమువారు ఇంటి అలంకరణకు మార్కులు వేసి ఉత్తరము పంపుదురు. ఒక వరుస సామానులన్నియు జతకుదిరిన మార్కులు హెచ్చు. వస్త్రవ్యాపారిని గనుక ఇదంతయు చూచి నాకు ముచ్చట కలుగలేదని చెప్పిన అబద్ధమగును.

ఇది బొత్తిగా క్రొత్త సంగతియు కాదు. మా ప్రాంతమున దసరాకు బొమ్మల కొలువు పెట్టని వీధి యుండదు. మెట్లమీద దేవుళ్లు, తిరుపతి ఎర్రచెక్క దంపతుల బొమ్మలు, వాటికి జరీతునక తో కుట్టిన బట్టలు. మెట్ల ప్రక్కన పిల్లలు మట్టి పోసి, ఆవాలు చల్లి మొలిపించిన పొలము, ఒక పెండ్లిపందిరి, ఒక సంత. మా చిన్ననాట పొరుగిండ్లవారు పేరంటమునకు పిలిచిన మా అక్కలు పోయి చూచి వచ్చెడివారు. పెండ్లిపందిరి బొమ్మలకు ఒకే రంగు బట్టలు లేవని వారు వంకలు పెట్టుట నాకింకను గుర్తున్నది. అయితే కొలువు తొమ్మిది దినములకు ముగియును. బొమ్మలను గుడ్డలో చుట్టి అటకమీద పెట్టుదురు. తెరమీది కొలువునకు విజయదశమి లేదు.

నా అభ్యంతరము అక్కడనే మొదలయినది. ఆ యింటిలో సామానుగది యొకటి యున్నది. 2021 నవంబరునాటి మార్పుతో అది 5,000 వస్తువులు పట్టునంత అయినదట. ఇల్లు పూర్తిగా పెంచుకొనుటకు ఆ ఆట నాణెములలో 56,96,000 అప్పు తీర్చవలెను. అప్పిచ్చువాడు టాం నూక్ అను రకూన్ వంటి జంతువు; వాడు వడ్డీ అడుగడు, గడువు పెట్టడు. (వాడు మా బజారులో ఒక్క మాసము అంగడి నడిపించి చూపవలెనని మా తమ్ముడు అనును.) అయిదువేల వస్తువులు! మనలో పరిగ్రహ పరిమాణ వ్రతము పట్టినవారు ఇన్ని పంచెలు, ఇన్ని పాత్రలు, ఇంత భూమి అని హద్దు వ్రాసుకొందురు. ఆ హద్దులో ఈ వస్తువులు చేరునా, చేరవా?

చేరవని చెప్పుట సులభము. అవి ముట్టుకొన రావు, అమ్మిన రూపాయి రాదు, చోరులకు పనికిరావు. కాని ఉమాస్వాతి వాచకులు తత్త్వార్థసూత్రమున పరిగ్రహమును వస్తువులో పెట్టలేదు, మూర్ఛలో పెట్టినారు. నాది యను తగులమే పరిగ్రహము. అట్లయిన వస్తువు కఱ్ఱతో చేసినదా, వెలుతురుతో చేసినదా యను ప్రశ్న ముఖ్యము కాదు. భిక్షుకుని చిరిగిన జోలె పరిగ్రహము కావచ్చును. చక్రవర్తి కోట కాకపోవచ్చును.

ఈ మాటనే మనుమరాలికి యశోధరుని కథతో చెప్పినాను. ఆ కథను సోమదేవసూరి యశస్తిలకమను పేర 959లో సంస్కృతమున రచించినది మన తెలుగుగడ్డమీదనే, వేములవాడ చాళుక్యుల యేలుబడిలో, నేటి కరీంనగరు జిల్లా గంగాధరలో. కన్నడమున జన్నకవియు, తమిళమున యశోదర కావియము చేసిన కవియు దానినే చెప్పినారు. దుస్స్వప్నము కన్న రాజును తల్లి జంతుబలి యిమ్మనును. రాజు ఒప్పుకొనడు. తల్లి కంటతడి చూడలేక చివరకు పిండితో కోడిని చేయించి దానిని నరకును. ప్రాణములేని పిండి! అయినను కోడిని చంపుచున్నానను సంకల్పముతో కత్తి యెత్తినందున తల్లీకొడుకులు నెమలిగా, కుక్కగా, ఇంకను అనేక జంతువులుగా పుట్టి చచ్చినారు. కాబట్టి తల్లీ, తెరమీది వస్తువయినను మనస్సు నిజమయినదే గదా అన్నాను.

అది కొంతసేపు ఊరకుండి, “మరి తాతా, పిండికోడిని నరికితే పాపం గదా, పిండికోడికి గింజలు వేస్తే పుణ్యమా?” అని అడిగినది. ఆ ఆటలో గాలముతో చేపలు, వలతో సీతాకోకచిలుకలు పట్టుట యొక భాగము. ఇది పట్టినదానినెల్ల మరల విడిచిపెట్టుచున్నదని నాకప్పుడే తెలిసినది.

నాకు వెంటనే జవాబు తోచలేదు. ఆ రాత్రి సామాయికమునకు కూర్చున్నప్పుడు, మనస్సు నిలువవలసిన ఆ నలువది యెనిమిది నిమిషములలోనే, జీర్ణశ్రేష్ఠి జ్ఞాపకమునకు వచ్చినాడు. వైశాలిలో మహావీరస్వామి చాతుర్మాస్యమున నుండగా పేదపడిన ఆ శెట్టి నాలుగు మాసములు ప్రతిదినము, నేడు స్వామి నా యింటికి భిక్షకు వచ్చునని ఎదురుచూచెను. స్వామి చివరకు మరియొక శెట్టి గుమ్మమున పారణ చేసిరి. ఆ శెట్టికి ఇంట బంగారము కురిసినది. అయినను పుణ్యము హెచ్చుగా జీర్ణునికే దక్కినదని మన పెద్దలు చెప్పుదురు. చేతినుండి మెతుకు కదలలేదు, భావము మాత్రమే కదలినది. ఉదయము మనుమరాలిని పిలిచి, గింజలు వేసినది నిజమయిన మనస్సయిన పుణ్యమే, కాని వేసిన దానిని మార్కులకొరకు వేయరాదు అని చెప్పినాను. అది నవ్వినది. చేపలను విడిచిపెట్టుటకు మార్కులు లేవట.

ఇంతవరకు ధర్మచర్చగా నుండినది వ్యాపారములోనికి దిగినది. ఆ పిల్ల ఒకనాడు అంగడిలో కూర్చుండి నేను ఆరణి చీర విప్పి చూపుట చూచి, ఇంటికి వచ్చిన తరువాత, తన తెరమీది పట్టుబట్టకు ఒక్క పురుగును చావలేదని అన్నది. ఒక చీరకు వేలకొలది పట్టుగూళ్లు వేడినీటిలో పడును. పట్టు విషయమై మన సాధువులు చెప్పుచునే యున్నారు, మనము వినుచునే యున్నాము, అమ్ముచునే యున్నాము. నేనును అమ్మితిని. దీనికి సమాధానము వ్రాయగల శక్తి నాకు లేదు గనుక వ్రాయను.

పెండ్లిండ్ల మాట మాత్రము చెప్పక విడువలేను. నేడు మనవారి పెండ్లిలో పసుపు దినమునకు పందిరినుండి పిల్లల జోళ్లదాక పసుపుపచ్చ, గోరింటాకు దినమునకు ఆకుపచ్చ, సంగీతమునకు ఇంకొక రంగు. ఒక పూట కట్టిన బట్ట మరల కట్టరు. ఆ పసుపు బట్టలు తానులకొలది కొలిచి యిచ్చినవాడను నేనే. గది కొక తీరు, తీరు కొక బట్ట అనుటలో ఆ ఆటకును మన కల్యాణమండపమునకును ఏమి భేదము? ఆటలో పందిరి పూలు మరునాడు కుప్పతొట్టిలో పడవు, పెండ్లికొమార్తె తండ్రి చీటీపాటలో అప్పుపడడు. తిండి వృథాయును లేదు. అనర్థదండము, అనగా అక్కరలేని ద్రోహమును విడువవలెనని శ్రావకవ్రతములలో నున్నది. రెండిటిలో ఏది అనర్థదండమని పంచాయతి పెట్టిన తీర్పు మనుమరాలి పక్షమునకే వచ్చునని నా భయము. అయినను కాలము పోవుచున్నదిగదా అని మా కోడలితో అన్నాను. అది నిజమే. పరీక్షల ముందు పరికరమును బీరువాలో పెట్టితిమి.

ఇట్టి ఆటలకు పెద్దన్నవంటిది ‘ది సిమ్స్’ అనునది. 2000 ఫిబ్రవరిలో అమెరికాలో వెలువడినది. దానిని కల్పించిన విల్ రైట్ అను ఆయన యిల్లు 1991లో కాలిఫోర్నియాలోని ఓక్లండు కొండలలో చెలరేగిన అగ్నిలో కాలిపోయినది. సంసారమంతయు తిరిగి కొనవలసి వచ్చి, ఏ వస్తువు ఎందుకు కావలెనని ఒక్కొక్కటిగా ఆలోచించుటలో ఆ ఆటకు ఊహ పుట్టినదట. కాలిన యింటిముందు నిలిచినవానికి మనవారిలో కొందరికి దీక్షాబుద్ధి పుట్టియుండును. ఆయనకు ఆట పుట్టినది. ఆ ఆటలో ఒక రహస్యపదము కొట్టిన డబ్బు వచ్చి పడును. డబ్బు తరుగని చోట మనిషి ఏమి చేయునో చూడుడు: మరియొక గది కట్టును.

ఇక అసలు సంగతికి వచ్చుచున్నాను. దీనిని వ్రాయుటయా మానుటయా అని చాలదినములు తటపటాయించితిని.

నా భార్య 2023లో కాలముచేసినది. అంతకు ముందే పంపకములలో పాత యిల్లు అమ్మివేసితిమి. ఒకనాటి సాయంకాలము మనుమరాలు, “తాతా, ఒకటి చూపిస్తాను, కోప్పడకూడదు” అని తెర నా ముందు పెట్టినది. పాత యింటి నడిమి గది! ఎర్రగచ్చు నేల, గోడకు పాతకాలపు గడియారము, మూలను పుస్తకపు పీట. ఉయ్యాలబల్ల ఆ ఆటలో దొరకలేదని ఒక దుంగబల్ల వేసినది. బల్లప్రక్కన దాని మనిషిబొమ్మ నిలుచుండియున్నది, వంటిమీద అరక్కు రంగు బట్ట, అంచున రుద్రాక్ష గింజలు. అది వాళ్ల అవ్వ చీర. బట్టమీది నకాసీని ఆ ఆటలో 32 గడులు అడ్డము, 32 గడులు నిలువు పెట్టి ఒక్కొక్క గడికి రంగు నింపి చేయవలెను, మగ్గమువారు గళ్లకాగితముమీద అంచు వ్రాసినట్లే. మూడుదినములు పట్టినదట.

నేను కోపపడితిని. ఇష్టవియోగమును తలచి తలచి కుములుట ఆర్తధ్యానము, పోయినవారిని ఇట్లు గదిలో నిలిపియుంచరాదు, చెరిపివేయుమన్నాను. పిల్ల మాటాడలేదు. వంటయింటినుండి మా కోడలు మెల్లగా, “మామయ్యా, అత్తయ్య బీరువా తాళం మీ మొలతాడుకే ఉంది గదా ఇంకా” అన్నది.

భరత చక్రవర్తి కథ పిల్లకు ఆ రాత్రి చెప్పినాను, దానికొరకా నాకొరకా తెలియదు. సర్వాభరణములు దాల్చి అద్దాలమేడలో నిలుచుండగా వ్రేలినుండి ఉంగరము జారినది. బోసివ్రేలు చూచి ఆయన తక్కిన నగలును ఒక్కొక్కటిగా తీసి, అక్కడనే, ఆ మేడలోనే కేవలజ్ఞానము పొందినాడు. అడవికి పోలేదు. అలంకరించిన గది ఆయనకు అడ్డురాలేదు. పిల్ల విని, ఆ ఉంగరము తరువాత ఎవరు తీసికొనిరి అని మాత్రము అడిగినది.

గది చెరపమని నేను మరల చెప్పలేదు. అప్పుడప్పుడు నేనే, గడియారము ఇంకను తిరుగుచున్నదా అని అడిగి చూచుచుంటిని. పోయిన కార్తికములో అట్లు అడుగగా తెరమీద పుస్తకాల అంగడి కనబడినది. బొమ్మకు కండ్లజోడు, గోధుమరంగు కోటు. “స్థలం కావాల్సొచ్చింది తాతా. ఫొటో తీసి పెట్టినాను. నీకు కావాలంటే మళ్లీ పెడతాను” అన్నది. వద్దులే అన్నాను. పిల్ల యథాప్రకారము అంగడికి అరలు సర్దుకొనుచున్నది. నాకు ఆ రాత్రి నిద్రపట్టలేదు.

మరునాడు కోడలిని పిలిచి బీరువా తెరిపించినాను. నూలుచీరలన్నియు తీసి ఇరుగుపొరుగువారికి, అంగడిలో ఊడ్చు ఆమెకు ఇప్పించినాను. అరక్కు చీర యొకటి లోపలనే యున్నది. తాళము మరల వేసితిమి, నా యొద్దనే యున్నది.