ఇంటి పెట్టెలోని చేతివ్రాత

వాక్యభాగము: ఫిలేమోను 8–22, కొలస్సయులకు 2:13, 14



మన నల్లమాడ ప్రాంతపు ఇండ్లలో కాగితములుండు చోటు ఒక్కటే, అది రేకుపెట్టె. పట్టాదారు పాసుపుస్తకము, రేషను కార్డు, పిల్లల బాప్తిస్మపు చీటీలు, ఎప్పుడో బెంగళూరునుండి వచ్చిన జాబులు, అన్నియు అందులోనే. పరిశుద్ధ గ్రంథము మాత్రము గూటిలో నుండును. దాని మొదటి తెల్ల పుటమీద తాతగారు పుట్టుకలను, పెండ్లిండ్లను, మరణములను వరుసగా వ్రాసియుంచిన ఇండ్లు కొన్ని మన సంఘములలో నున్నవి. ఫోటో లేని ఇంటిలో ఆ నాలుగు పంక్తులే తాతగారి ముఖము.

మనది వాన కొరతగల నేల. 2022లో జిల్లా పేరు మారినదిగాని మేఘముల తీరు మారలేదు. చెనిక్కాయ విత్తి ఆకాశము చూచుట మన పని. వాన తప్పిన యేట పిల్లలు మూట కట్టుకొని పరాయి ఊరికి పోవుట వారి పని. అందుచేత మన కుటుంబములలో సగము ప్రేమ కాగితముమీదనే నడిచినది. 1879 జూలై 1న మన దేశములో పోస్టుకార్డు వచ్చినప్పుడు దాని వెల కాలణా. బీదవాడును తన వారితో మాటలాడుటకు అది చాలెను. నల్ల గుర్తుగల కార్డు చూచినప్పుడు గుండె జారుట అన్ని మతములవారికిని ఒకటే.

మనియార్డరు సంగతి పెద్దలకు జ్ఞాపకముండును. ఫారము అడుగున చిన్న చీటీ యుండెడిది; పోస్టుమాను డబ్బు లెక్కపెట్టి యిచ్చి, ఆ చీటీ చింపి చేతబెట్టెడివాడు. దానిలో రెండు మూడు పంక్తులకే చోటు. నేను క్షేమము, చెల్లెలికి పలక కొనుము, నాయన దగ్గు ఎట్లున్నది, అంతే. డబ్బు ఆ వారపు సంతలోనే కరగిపోయెడిది. చీటీ మాత్రము పెట్టెలో నిలిచెడిది. చదువురాని తల్లి దానిని పంతులుగారియొద్దకో పాస్టరుగారియొద్దకో తెచ్చి మరల మరల చదివించుకొనెడిది. సంగతి తెలియక కాదు; కొడుకు చెయ్యి తాకిన కాగితమది.

రాజమండ్రిలో రత్నంగారి కలముల సంగతి మీలో కొందరు వినియుందురు. ఆయన చేసిన స్వదేశీ కలము జె.సి. కుమారప్పగారి ద్వారా గాంధీగారికి చేరెను. ఈ కుమారప్పగారు మన క్రైస్తవుడే. దేశపు భారమంతయు నెత్తిననున్న గాంధీగారు 1935లో ఆ పనివానికి, కలము బాగుగానున్నదని జాబు వ్రాయుటకు తీరిక చేసికొనిరి. మనకు అంత పని లేదు.

ఇప్పుడు సెల్లుఫోను వచ్చినది. దానిని నిందించుట నా ఉద్దేశము కాదు. దూరముననున్న కొడుకు ముఖము చూచి మాటలాడు తల్లి దేవునికి స్తోత్రము చెల్లింపవలసినదే. యోహాను తన రెండవ పత్రిక 12వ వచనములో, సిరాతోను కాగితముతోను పని లేకుండ ముఖాముఖిగా మాటలాడుటనే కోరెను గదా. అయితే మాట సులభమైన తరువాత మన ఇండ్లలో వ్రాత ఒక్క పనికే మిగిలెను. అది అప్పు.

నేనెరిగిన ఇద్దరు అన్నదమ్ములున్నారు. ఊరు పేరు అడుగవద్దు. పెద్దాయన సమ్మతితోనే వ్రాయుచున్నాను. తమ్ముడు బోరు వేయుటకు అన్నయొద్ద డబ్బు తీసికొని, రెవెన్యూ స్టాంపు అంటించి ప్రోనోటు వ్రాసియిచ్చెను. బోరులో దుమ్ము తప్ప నీరు రాలేదు. తమ్ముడు భార్యాబిడ్డలతో బెంగళూరుకు ఇండ్లు కట్టు పనికి పోయెను. ప్రోనోటుకు గడువు మూడేండ్లని మీకు తెలియును. గడువులోగా కొంత సొమ్ము కట్టి, దాని వెనుక చెల్లు వ్రాసి సంతకము చేసినయెడల మరల మూడేండ్లు నిలుచును. కాబట్టి మూడేండ్లకొకసారి తమ్ముడు వచ్చును. గడపలోనే నిలిచి, కొద్దిపాటి సొమ్ము పెట్టి, చెల్లు వ్రాసి, నీళ్లయినను త్రాగక బస్సెక్కును. ఒక తల్లి కడుపున పుట్టిన ఇద్దరిమధ్య ఇన్నేండ్లలో నడిచిన వ్రాత అదియొక్కటే. తల్లి చనిపోయినప్పుడు కూడ ఫోనుమీద మూడవ మనిషి చెప్పెను.

ప్రియులారా, ఇప్పుడు ఫిలేమోను పత్రిక తీయుడి. ఇరువదియైదు వచనముల చిన్న జాబు. ఒక కాగితముమీద పట్టును. ఇదియు అప్పు సంగతియే. ఒనేసిము అను దాసుడు యజమానుడైన ఫిలేమోను ఇల్లు విడిచి పోయెను. నష్టము కూడ చేసెనేమో. చెరసాలలోనున్న పౌలును కలిసికొని విశ్వాసియాయెను. పౌలు అతనిని తిరిగి పంపుచు జాబు వ్రాసెను. ఇతడు నీకేమైన అచ్చియున్నయెడల నా లెక్కలో వేయుము, నేను తీర్చెదనని 18, 19 వచనములలో చెప్పుచు, ఇది నా స్వహస్తముతో వ్రాయుచున్నానని చేర్చెను.

పౌలు తరచుగా చెప్పుచుండగా మరియొకరు వ్రాయుట కద్దు. రోమీయుల పత్రికను వ్రాసిన చెయ్యి తెర్తియుది. ఇక్కడ మాత్రము తానే కలము పట్టెను. ఎందుకనగా అప్పుకు పూచీపడువాని వ్రాత వేరొకని చేతిది కాకూడదు. దీనిని మన పల్లెలో ఏ చదువురాని రైతును అడిగినను చెప్పును. గొలుసులతోనున్నవాడు, చేత పైకము లేనివాడు, తనది కాని అప్పుకు నోటు వ్రాసియిచ్చెను! ఆయన అక్షరములు పెద్దవి అని గలతీయులకు 6:11లో తానే చెప్పుకొనెను. అక్షరములు వంకరగానున్నవని సిగ్గుపడి జాబు మానుకొను మన అక్కలు దీనిని గమనింతురుగాక.

ఇంకొక సంగతి. ఒనేసిము కొలస్సయి వాడని కొలస్సయుల పత్రిక 4:9 చెప్పుచున్నది. తుకికుతో కూడ అతడు ఆ ఊరికి వచ్చెను. ఆ పత్రికలోనే 2:14లో, మనకు విరోధముగానున్న పత్రమును దేవుడు తుడిచివేసి సిలువకు మేకులతో కొట్టెనని యున్నది. గ్రీకులో అక్కడనున్న మాటకు చేతివ్రాత అని అర్థము. ఆ కాలపువారు అప్పుపత్రమును అట్లు పిలిచెడివారు. వారి సిరా మసి, జిగురు కలిపి చేసినది; తడిగుడ్డతో తుడిచిన పోవును. తన ప్రోనోటును దేవుడు తుడిచివేసెనని విన్న ఊరిలోనే, ఫిలేమోను పౌలు వ్రాసిన నోటు చేతబట్టుకొని, ఎదుట నిలిచిన ఒనేసిమును చూడవలసి వచ్చెను. ఆ సాయంకాలము ఆ ఇంటిలో ఏమి మాటలాడుకొనిరో గ్రంథము చెప్పలేదు.

అప్పు ఎగవేయుటకు ఈ వాక్యమును అడ్డు పెట్టుకొనువారికి ఒక మాట. పౌలు అప్పు లేదనలేదు, తీర్చెదననెను. తీసికొనినది తీర్చవలసినదే. అన్నగారి ప్రోనోటు చింపివేయుమని నేను చెప్పలేదు, ఆయనకును ఆడపిల్లలున్నారు. నేను అడిగినది వేరు. పౌలు తన జాబు చివర, 22వ వచనములో, నా నిమిత్తము వసతి సిద్ధము చేయుమని కోరెను. అప్పు సంగతి తేలిన తరువాత వచ్చెదననలేదు. నోటు వ్రాసిన చేతితోనే చుట్టరికమును వ్రాసెను.

పెద్దాయనకు ఒక పోస్టుకార్డు ఇచ్చితిని. ఆయన దానిని అటు ఇటు త్రిప్పి చూచి, “ఏమి వ్రాయవలెను అయ్యగారూ? వానికి తెలియనిది ఏమున్నది?” అనెను. “ఈసారి వచ్చినప్పుడు భార్యాబిడ్డలను తోడుకొని రమ్మనుము. అన్నము తినిపోవలెనని వ్రాయుము” అంటిని. కార్డును మడవకుండ చొక్కా జేబులో పెట్టుకొని పోయెను. అది ఇంకను పెట్టెలో, ప్రోనోటు ప్రక్కనే యున్నదట. గడువు వచ్చే ఉగాదికి నిండును. ఆ ఇద్దరి నిమిత్తము ప్రార్థించుడి. మీలో ఎవరికైన కార్డు కావలసినయెడల ఆదివారము ఆరాధన తరువాత నాయొద్దకు రండి. వ్రాయుట రానివారు చెప్పినయెడల నేను వ్రాసెదను, సంతకమో వ్రేలిముద్రయో మాత్రము మీదే కావలెను.