పడ్డవాడికి ఇంకో తలుపు

అల్లుడూ,

ఆర్మీ నుంచి వచ్చి ఇన్నేళ్లు పాఠాలు చెప్పి, ఇప్పుడు ప్రిన్సిపాలువి అవుతున్నావని మీ అమ్మ ఫోన్లో చెబుతుంటే కడుపు నిండిపోయింది. కాలేజీ పోటీల్లో మూడో హర్డిల్ తగిలి పడి, మోకాలు చీరుకుపోయి నువ్వు ఏడుస్తుంటే కట్టు కట్టినవాణ్ణి. కార్గిల్ నుంచి నీ ఉత్తరం వచ్చేదాకా మీ అమ్మతోపాటు కంటిమీద కునుకు లేనివాణ్ణి. ముప్పై ఏళ్లు బడిలో బతికినవాణ్ణి. ఆ చనువుతో ఒక మాట చెబుతాను, విను.

హర్డిల్స్ ఆడినవాడివి, హారిసన్ డిల్లార్డ్ పేరు వినే ఉంటావు. అమెరికాలో క్లీవ్‌లాండ్ ఆయన ఊరు. 1936లో జెస్సీ ఓవెన్స్ ఒలింపిక్స్ గెలిచి వస్తే ఊరంతా ఊరేగించింది. ఆ ఊరేగింపు చూసిన పదమూడేళ్ల పిల్లాడు, ఓవెన్స్ చదివిన హైస్కూల్లోనే చదివి, బాల్డ్‌విన్ వాలెస్ కాలేజీలో చేరాడు. చదువు మధ్యలో యుద్ధం పిలిచింది. నల్లజాతి సైనికుల్ని విడిగా ఉంచిన 92వ డివిజన్‌తో ఇటలీ వెళ్లి, తిరిగొచ్చి మళ్లీ ట్రాకెక్కాడు. వరసగా 82 పందేలు గెలిచాడు.

అంతటివాడు 1948 ఒలింపిక్స్ ఎంపిక పోటీల్లో తన సొంత పందెంలోనే హర్డిళ్లు తగిలి మధ్యలో ఆగిపోయాడు. కానీ అంతకుముందే 100 మీటర్లలో మూడోవాడిగా చోటు దక్కించుకున్నాడు. ఆ ఒక్క తలుపూ తెరిచి ఉండబట్టి లండన్ వెళ్లి, ఫొటో చూసి తేల్చాల్సినంత దగ్గరి పోటీలో బంగారు పతకం గెలిచాడు. నాలుగేళ్లకు హెల్సింకీలో హర్డిల్స్ పతకమూ తెచ్చుకున్నాడు.

నీ బడిలో ప్రతి బిడ్డకూ అలాంటి రెండో తలుపు ఉండాలి, నాయనా. మార్కుల్ని బట్టి సెక్షన్లు విడగొట్టమని మొదటి నెల్లోనే నీమీద ఒత్తిడి వస్తుంది. ఒప్పుకోకు. అలా విడగొట్టడం డిల్లార్డ్ కూడా చూసినవాడే. అమెరికా సైన్యంలో జాతి భేదం పోవాలని అధ్యక్షుడు ట్రూమన్ ఉత్తర్వు ఇచ్చింది 1948 జూలై 26న. డిల్లార్డ్ లండన్‌లో గెలిచింది అదే నెల 31న. ఆయన యుద్ధానికి వెళ్లిన రోజుల్లో మాత్రం విడి వరసే. పక్కవాడి భుజానికి భుజం ఆనించి నిలబడ్డవాడివి, విడి వరస మనసునెంత కోస్తుందో నీకు ఒకరు చెప్పాలా?

ఆ తర్వాతి కథ నాకు మరీ ఇష్టం. రెండు ఒలింపిక్స్‌లో కలిపి నాలుగు స్వర్ణాలు గెలిచిన ఆ మనిషి చాలా ఏళ్లు క్లీవ్‌లాండ్ పాఠశాలలకు బిజినెస్ మేనేజరుగా పనిచేశాడు. ఆ కుర్చీలో కూర్చున్నవాడికి చప్పట్లు కొట్టేవాళ్లుండరు. కానీ బడి నడిచేది అక్కడే. ఆడపిల్లల మరుగుదొడ్డిలో నీళ్లు రాకపోతే, నువ్వు ప్రార్థన వేళ ఎంత గొప్పగా మాట్లాడినా వాళ్లకు తలుపు మూసినట్టే. వారానికోసారి నువ్వే వెళ్లి కుళాయి తిప్పి చూడు. స్టాకు రిజిస్టరు నీ చేత్తో తిరగెయ్యి. భోజనం పిల్లల వరసలో కూర్చునే తిను.

నేను చేసిన తప్పు ఒకటి చెబుతాను. పదో తరగతి తప్పిన పిల్లాడొకడు టీసీకి వస్తే, తలెత్తి చూడకుండా సంతకం పెట్టేశాను. అర నిమిషం పట్టలేదు. వాడు గుమ్మం దిగి వెళ్లిన తీరు ఇన్నేళ్లయినా నన్ను వదల్లేదు.

నీ దగ్గరికీ అలాంటివాడొకడు వస్తాడు. కాగితం పక్కన పెట్టి, వాణ్ణి కూర్చోబెట్టు. గోడమీది పతకాలు చూపించకు. ప్యాంటు పైకి లాగి, ఆ మోకాలి మచ్చ చూపించు.

ఆశీస్సులతో,
మీ మావయ్య